కంచికి చేరని కథలు

గడచిన మాసమున మా సంఘ సభ్యుల యింట నొక చిక్కు కలిగినది. నిశ్చయ తాంబూలములు పుచ్చుకొని మూడు వారములు గడచిన పిమ్మట పెండ్లికూతురు తండ్రితో, "నాన్నగారూ, ముహూర్తమును రెండు నెలలు వెనుకకు జరిపించండి, నేను కొంత ఆలోచించుకొనవలెను" అని చెప్పినదట. మరునాడు ఇరుప్రక్కల పెద్దలును మా దుకాణమునకు వచ్చి కూర్చుండిరి. వారిలో వయసు మీరిన యొకాయన, "ఇదంతయు ఆ అమెరికా టెలివిజను నాటకముల చలవ. వానిలో ఆడుది నేడు ఔననును, రేపు కాదనును, ఎల్లుండి మరల వచ్చును. అవి చూచి మన పిల్లలు చెడిపోవుచున్నారు. సంఘము తరఫున వానిని మాన్పింపవలెను" అని తీర్పు చెప్పివేసెను.

ఆ మాటకు వెంటనే తల యూపుటకు గాని, కొట్టివేయుటకు గాని మాకు మనసొప్పలేదు. సరకు చూడకుండ ధర చెప్పుట వర్తకుని లక్షణము గాదు. కావున దుకాణము కట్టివేసిన పిమ్మట రాత్రులందు మా పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ నాటకములలో పేరుమోసిన వానిని కొన్నింటిని చూచితిమి. చూడ వీలుకాని భాగముల సంగతి పిల్లల నడిగి తెలిసికొంటిమి. ఇట్టి చిక్కులు నేడు ఒక్క యింటివి కావు గనుక, మాకు తోచిన యభిప్రాయమును పాఠకులకు విన్నవించుచున్నాము.

ఈ హాస్య ధారావాహికలలో ఒక జాతి కలదు. ఒక యువకుడు, ఒక యువతి. వారిరువురకును ఒకరిపై నొకరికి మక్కువ యని చూచువారి కందరకును తెలియును. వారు కలిసికొందురు, విడిపోవుదురు, వేరొకరితో పెండ్లికి సిద్ధపడుదురు, మరల కలిసికొందురు. ఇట్లు ఐదేండ్లు, పదేండ్లు నడచును. ఈ పద్ధతికి పేరు తెచ్చినది 1982వ సంవత్సరమున అమెరికాలో ఆరంభమైన 'చీర్స్' అను నాటకము.

అది బోస్టను నగరమందలి యొక మద్యశాల కథ. యజమాని శామ్ మలోన్ (నటుడు టెడ్ డాన్సన్) ఒకప్పుడు బేస్‌బాల్ ఆటగాడు, త్రాగుడు మానుకొన్నవాడు, చదువు అంతంతమాత్రము. డయాన్ ఛేంబర్స్ (నటి షెల్లీ లాంగ్) పెద్ద చదువులు చదివినది. ఆమెను పెండ్లియాడుటకు బయలుదేరిన ఆచార్యుడు ఆమెను ఆ మద్యశాలలోనే కూర్చుండబెట్టి, తన మొదటి భార్యతో వెడలిపోవును. గతిలేక ఆమె అచ్చటనే పనికి కుదురును. అతనికి ఆమె గర్వము గిట్టదు. ఆమెకు అతని మోటుతనము గిట్టదు. అయినను ఒకరిని విడిచి ఒకరుండలేరు. రెండవ యేట కలిసి తిరిగి, ఆ యేటి చివరనే యొక చిత్తరువు విషయమై కలహించి విడిపోయిరి. పిదప డయాన్ ఫ్రేజియర్ క్రేన్ అను మానసిక వైద్యునితో పెండ్లికి ఐరోపాకు పోయి, అతనిని పెండ్లిపీటలయొద్దనే విడిచి వచ్చినది. తరువాత శామ్ పెండ్లి యాడుమని అడిగినప్పుడు ఆమె కాదన్నది. ఆమె ఔనన్నప్పుడు అతడు కాదన్నాడు. తుదకు 1987 మే మాసమున పెండ్లి యేర్పాటులన్నియు జరిగిన పిమ్మట, తాను వ్రాయుచున్న గ్రంథమును ముగించుకొని ఆరు మాసములలో వచ్చెదనని ఆమె వెడలిపోయినది. వచ్చినది ఆరేండ్లకు, అనగా 1993వ సంవత్సరమున, నాటకము ముగియునాడు. అప్పుడును మరల పెండ్లి మాట తలపెట్టి, కలిసి విమానమెక్కి, అచ్చట ఇరువురకును సందేహము కలుగగా, తాము కలిసి బ్రదుకలేమని గ్రహించి విడిపోయిరి.

రెండవది మన పిల్లలందరు నెరిగిన 'ఫ్రెండ్స్'. ఇది 1994 సెప్టెంబరున ఆరంభమై 2004 మే 6వ తేదీన ముగిసినది. మొత్తము 236 భాగములు. పెండ్లి దుస్తులతోనే పీటలమీదినుండి పారిపోయి వచ్చిన రేచెల్ (జెన్నిఫర్ అనిస్టన్), ఆమెను చిన్ననాటినుండి వలచిన రాస్ (డేవిడ్ ష్విమ్మర్) ఇందలి జంట. 1996 ఫిబ్రవరిలో కలిసిరి. 1997 ఫిబ్రవరిలో అతని అసూయవలన తగవు పడి, కొన్నాళ్లు దూరముగా నుందమనుకొన్న రాత్రియే అతడు మరియొక స్త్రీ చెంతకు పోయెను. ఆ రాత్రి వారు విడిపోయినట్లా, కానట్లా అని మన పిల్లలు నేటికిని వాదులాడుకొనుచున్నారు. 1998 మే మాసమున లండనులో ఎమిలీ యను నామెను పెండ్లియాడుచు, ప్రమాణము చెప్పునప్పుడు పెండ్లికూతురి పేరునకు బదులు రాస్ "రేచెల్" అనెను. 1999 మేలో రాస్, రేచెల్ ఇరువురును లాస్ వేగాసునందు త్రాగిన మైకమున పెండ్లియాడిరి. పిదప విడాకులు పుచ్చుకొనిరి. 2002 మేలో వారికి ఆడుబిడ్డ కలిగెను. అప్పుడును పెండ్లి లేదు. తుదిభాగమున రేచెల్ విమానము దిగి అతనియొద్దకు తిరిగివచ్చును. ఆ రాత్రి ఆ దేశమున సుమారు 5 కోట్ల 25 లక్షలమంది ఆ భాగమును చూచిరట.

పాఠకులు పై తేదీలను మరియొకమారు చూడవలెనని మా మనవి. కలయిక ఫిబ్రవరి, ఎడబాటు ఫిబ్రవరి, లండను పెండ్లి మే, వేగాసు పెండ్లి మే, బిడ్డ పుట్టుట మే. ఈ జంట హృదయములు ఫిబ్రవరి, మే మాసములందే ఏల పొంగిపొరలెనని మేమాశ్చర్యపడితిమి. విచారింపగా రహస్యము తెలిసినది. ఆ దేశమున నవంబరు, ఫిబ్రవరి, మే మాసములందు ప్రేక్షకుల లెక్కలు విశేషముగా తీయుదురు. స్థానిక టెలివిజను కేంద్రములు ప్రకటనల ధరలను ఆ లెక్కలనుబట్టి నిర్ణయించుకొనును. పండుగకు ముందు మనము అంగడిముందు తోరణములు కట్టి మేలిరకపు చీరలను పైకి తీసినట్లు, ఆ మాసములలో వారు కన్నీటిని, కల్యాణములను పైకి తీయుదురు.

ఇంతేకాదు. ఆ కాలపు పద్ధతిలో నాటకము సెప్టెంబరున మొదలై మే మాసమున ఆగును. ఏడాదికి ఇరువదినాలుగు భాగములు, అటునిటుగా. వేసవి సెలవుల పిమ్మట ప్రేక్షకుడు మరల రావలెనన్న మేలో నొక ముడి వేసి వదలవలెను. నూరు భాగములు పూర్తియైనచో ఊరూరి కేంద్రములకు పునఃప్రదర్శనకై అమ్ముకొనుటకు వీలగును, అసలైన లాభమచ్చటనే. 'ఫ్రెండ్స్' చివరి రెండేండ్లలో ఆరుగురు నటులకును ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్కరికి పది లక్షల డాలర్ల చొప్పున ముట్టినది. ఇట్టి అంగడిని మూయుటకు ఎవ్వరికి చేతులు వచ్చును? మన అవ్వలు కథ చెప్పి, "కథ కంచికి, మనమింటికి" అనెడివారు. ఇచ్చట కథ కంచికి పోయినచో వ్యాపారమును కంచికి పోవును. కావున కథను దారిలోనే త్రిప్పుచుందురు.

శామ్, డయానుల సంగతియు నట్టిదే. 1987లో వారి పెండ్లి ఆగిపోవుటకు కారణము ఆ ప్రేమికుల మనసు గాదు. షెల్లీ లాంగ్ ఆ నాటకమును విడిచి వెళ్లదలచుటయే. నటి వెళ్లినది గనుక వధువు వెళ్లవలసి వచ్చినది. ఈ చిన్న నిజము తెలిసిన తరువాత, ఆ నాటకముల ఔను-కాదులను మన బ్రతుకులకు పాఠముగా తీసికొనుటకు గాని, వానికి భయపడుటకు గాని పెద్ద యవసరము కానరాదు.

ఆ రచయితలలో నొక నమ్మకము పాతుకొనిపోయినది. జంటను కలిపినచో నాటకము చచ్చునట. దీనికి 'మూన్‌లైటింగ్' అను దానిని నిదర్శనముగా చూపుదురు. 1985లో ఆరంభమైన ఆ నాటకమున సిబిల్ షెపర్డ్, బ్రూస్ విల్లిస్ నటించిన జంట 1987లో కలిసిరి. 1989లో నాటకము మూతపడెను. అయితే ఆ నడుమ జరిగినదేమి? భాగములు సకాలమునకు తయారుగాక ఆలస్యమగుచుండెను. నటి గర్భవతి యయ్యెను. నటుడు చలనచిత్రమునకు పోయెను. 1988లో రచయితల సమ్మె వచ్చెను. సరకు వేళకు రాని దుకాణము మూతపడినచో, గుమ్మమునకు మామిడాకు కట్టుటవలన మూతపడినదనుట న్యాయమా?

పెండ్లియైన జంటతోడను కథ నడచునని చూపుటకు ఆ దేశమునందే సాక్ష్యము కలదు. 1951 మొదలు 1957 వరకు నడచిన 'ఐ లవ్ లూసీ'లో కథయంతయు భార్యాభర్తలదే. నటించిన లూసిల్ బాల్, డెసి అర్నాజ్ నిజజీవితమునను దంపతులే. ఇందొక విచిత్రము కలదు. తెరపై ఏనాడును విడిపోని ఆ జంట 1960లో నిజముగా విడాకులు పుచ్చుకొనెను. ఇటీవలి 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో లెనర్డ్, పెన్నీ యనువారు కలిసి, 2010లో విడిపోయి, మరల కలిసి, 2015లో పెండ్లియాడిరి. నాటకము 2019 వరకు నిక్షేపముగా నడచినది. కావున కల్యాణము కథకు శత్రువు గాదు. కల్యాణము తరువాతి కథ వ్రాయుటకు ఎక్కువ శ్రమ కావలెను, అంతే.

ఈ నాటకములలో మంచి యేమియు లేదని మేమనము. సంగతి సూటిగా మాటలాడుకొనుట వానిలో కలదు. గర్వము, అసూయ, మాట పట్టింపు ఒక సఖ్యమునెట్లు కొరికివేయునో నవ్వించుచునే చూపుదురు. 'చీర్స్' ముగింపు మాకు నిజముగా నచ్చినది. పదకొండేండ్లు నడచిన నాటకమునకు చివర పెండ్లి బాజాలు మ్రోగించుట సులభము. వారట్లు చేయక, ప్రేమ యున్నంత మాత్రమున కాపురము నిలువదని చూపి ఊరకుండిరి. 'ఫ్రెండ్స్' వారు కలిపి ముగించిరి. 2005 మొదలు 2014 వరకు నడచిన 'హౌ ఐ మెట్ యువర్ మదర్' వారు తొమ్మిదేండ్లు పిల్లల తల్లి యెవరో చెప్పుదుమని ఊరించి, చివరిభాగమున ఆ తల్లి మరణించినదని చెప్పి, నాయకుని మరల పాత ప్రియురాలు రాబిన్ గుమ్మము ముందు నిలిపిరి. ఆ ముగింపునందు పిల్లలు కనబడు దృశ్యము ఎన్నడో తొలి సంవత్సరములందే తీసి దాచినది. నడుమ పాత్రలు ఎదిగినవి, ప్రేక్షకుల మనసు మారినది, ముగింపు మాత్రము మారలేదు. కావుననే అనేకులు కినుక వహించిరి. ముందే వ్రాసిపెట్టుకొన్న ముగింపునకు మనుష్యులను ఈడ్చుకొనిపోరాదని మేము దీనినుండి గ్రహించితిమి. ఈ మాటతో మరల చెప్పవలసిన పని యున్నది.

ఇక దోషము. ఈ కథలలో కాలమునకు వెల లేదు. పదేండ్లు గడచినను ఎవరికిని ఏమియు నష్టము లేదు. అదే కాఫీ దుకాణము, అదే సోఫా, అదే నవ్వు. రెండవ దోషము, నడుమ నలిగిన మూడవ మనిషిని మనము మరచిపోవునట్లు చేయుదురు. పీటలమీద తన పేరునకు బదులు వేరొక స్త్రీ పేరు విన్న ఎమిలీకి ఏమి కావలెను? ఆమె కోపమును గయ్యాళితనముగా చూపి ఆమెను కథనుండి పంపివేసిరి. ఫ్రేజియర్‌కు మాత్రము అదృష్టము పండినది. పెండ్లిపీటలయొద్ద విడువబడిన ఆ వైద్యునికే 1993లో వేరొక నాటకము కట్టిరి. అది పదకొండేండ్లు నడచెను. కాని మన యూళ్లలో నిశ్చయము తప్పిపోయిన పిల్లకు గాని, పిల్లవానికి గాని ఎవరు వేరు నాటకము కట్టుదురు?

మన యిండ్లలో ఈ మూడవ మనిషి ఒకరు గాదు, పదిమంది. మంటపమునకు బయానా యిచ్చిన తండ్రి, సెలవు పెట్టి వచ్చు అన్నదమ్ములు, తరువాత పెండ్లి కావలసిన చెల్లెలు. పైగా మనము పరరాష్ట్రమున కొలదిమందిమి. సోలాపురమున నొక మాట తప్పినచో బళ్లారిలోను, బరంపురమునను చుట్టములు చెప్పుకొందురు. అందుచేత పెద్దలు భయపడుట సహజము. ఆ భయమును మేము తక్కువచేసి మాటలాడము.

అయితే పెద్దలయెదుట నొక్కమాట చెప్పక తప్పదు. "నూరు అబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయవలె" నను సామెతను మనము ధర్మశాస్త్రముగా పట్టుకొన్నాము. కొన్నేండ్ల క్రిందట ఇట్టిదే యొక చిక్కు మా యెదుటికి వచ్చినది. అప్పుడు వెనుకాడినవాడు పెండ్లికొడుకు. మేమును మరి యిద్దరు పెద్దలును అతనిని గదిలో కూర్చుండబెట్టి, కుటుంబ గౌరవము చెప్పి, తల్లి కన్నీరు చూపి, తెల్లవారునప్పటికి ఔననిపించితిమి. పెండ్లి ఘనముగా జరిగినది; మాకు శాలువ గూడ కప్పిరి. రెండేండ్లు తిరుగక మునుపే ఆ పిల్ల పుట్టింటికి వచ్చివేసినది. అతడు వెనుకాడుటకు కారణమేమని ఆ రాత్రి మేమొక్కరమును అడుగలేదు. ముగింపు ముందే వ్రాసిపెట్టుకొని, ఇద్దరు మనుష్యులను దానికి ఈడ్చితిమి. ఆ అమెరికా రచయితలకంటె మేమే పెద్ద తప్పు చేసితిమని నేడు ఒప్పుకొనుచున్నాము. వారి నాటకమున నలిగినవి పాత్రలు. మా నాటకమున నలిగినది మన యాడుబిడ్డ.

కావున ఈ మారు ఆ అమ్మాయిని, ఆమె తల్లి సమక్షమున, కారణమడిగితిమి. ఆమెకు కారణము కలదు. పెండ్లియైన తరువాత ఉద్యోగము కొనసాగించుటకు సమ్మతమేనని సంబంధము కుదుర్చుకొన్నప్పుడు చెప్పిన అత్తవారు, తాంబూలముల తరువాత ఆ మాట దాటవేయుచున్నారట. వారినుండి స్పష్టమైన మాట వచ్చువరకు ఆగవలెనని ఆమె కోరిక. ఇందులో టెలివిజను ప్రసక్తి యేమి? ఆమె ఔను-కాదుల నడుమ ఊగులాడుటలేదు. ఒక ప్రశ్న వేసి జవాబునకు గడువు పెట్టినది.

ఇచ్చటనే మాకు భేదము కానవచ్చినది. వర్తకులమగు మనకు ముద్దతు హుండీ తెలియును. సొమ్ము నేడే చెల్లింపకపోవుట తప్పు గాదు. ఏనాటికి చెల్లింతుమో వ్రాసియున్నచో అది గౌరవమైన కాగితమే. గడువు వ్రాయని హుండీని మాత్రము ఏ షాహుకారును పుచ్చుకొనడు. శామ్, డయాను, రాస్, రేచెలులది గడువులేని హుండీ. ఈ అమ్మాయిది ముద్దతు హుండీ. ఈ రెంటిని ఒకే గాట కట్టి, పిల్ల నోరు తెరచినంతనే "నాటకములు చూచి చెడిపోయినది" అనుట మన సోమరితనము.

మా సూచనలు మూడు. మొదటిది పెద్దలకు. నిశ్చయమునకును ముహూర్తమునకును నడుమ పిల్లలు పెదవి విప్పుటకు అవకాశముంచుడు. అప్పుడు కాదన్నచో పోవునది బయానా. తరువాత కాదన్నచో పోవునది బ్రదుకు. తప్పిపోయిన నిశ్చయపు ఖర్చులను ఇరుపక్షములు న్యాయముగా పంచుకొనునట్లు సంఘ పెద్దలు చూడవలెను. ఆ పిల్లలను గూర్చి వీథిలో మాట రానీయరాదు. రెండవది యువజనులకు. వెనుకాడుటకు మీకు హక్కు కలదు. కాని కారణము చెప్పుడు, గడువు చెప్పుడు, గడువు తీరిననాడు మాట చెప్పుడు. ఎదుటివారిని ఏండ్ల తరబడి గుమ్మములో నిలువబెట్టుట ప్రేమయు గాదు, స్వాతంత్ర్యమును గాదు. తెగెడిదాక లాగవలదని మన పెద్దలన్నది దీనికే. మూడవది అందరకును. ఆ నాటకములను మాన్పింపవలదు. పిల్లలతో కలిసి కూర్చుండి చూడుడు. రాస్ చేసినది తప్పా కాదా యని మా యింట మూడు రాత్రులు వాదము నడచినది. బడిలో వేరు భాష, వీథిలో వేరు భాష మాటలాడు మా పిల్లలు ఆ వాదమును పూర్తిగా తెలుగునందే చేసిరి. ఆ వాదమునకు నడుమ మా పెద్దమ్మాయి, "నాన్నగారూ, నాకు సంబంధము చూచునప్పుడు గూడ ఇట్లే అడుగనిత్తురా?" అనెను. ఇత్తుమని మాట యిచ్చితిమి.

పైని చెప్పిన అమ్మాయి కోరిన రెండు నెలల గడువును ఇరుపక్షములచేత ఒప్పించితిమి. అత్తవారి జవాబు రావలసి యున్నది. అది యేమి వచ్చినను, పెండ్లి జరిగినను జరుగకున్నను, ఆ సంగతి ఈ పత్రికలో వ్రాయము. అది ఆ రెండు కుటుంబముల సొంత విషయము. కథను కంచికి చేర్చవలసినది వారు. దారిలో అడ్డుపడకుండుట మన ధర్మము.